రెండు గోథిక్ నవలల్ని పక్కపక్కన పెట్టి చదవడం ఎలా?

రెండు నవలల్ని పోల్చి రాయమంటే చాలామంది మొదట చేసే పని, పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత కొట్టడం. ఎడమవైపు ఒక నవల, కుడివైపు ఇంకొకటి. ఇక్కడ భయపెట్టేవాడు ఉన్నాడు, అక్కడా ఉన్నాడు. ఇక్కడ తుఫాను, అక్కడా తుఫాను. నేనూ మొదటిసారి అదే చేశాను. ఫ్రాంకెన్‌స్టైన్‌నీ డ్రాక్యులానీ తీసుకుని పదిహేడు పోలికలు వెతికి, నంబర్లు వేసి మరీ ఇచ్చాను. మేడమ్ మొత్తం చదివి అడుగున ఒక్క ముక్క రాశారు: "అయితే ఏంటి?"

అప్పుడు ఉక్రోషం వచ్చింది కానీ ఆ ప్రశ్న న్యాయమైందే. ఒకే తరహాకి చెందిన నవలల్లో పోలికలు దొరకడం పెద్ద విశేషం కాదు. హోరేస్ వాల్పోల్ ఒట్రాంటో కోట కథ 1764 చివర్లో వచ్చింది. మరుసటి ఏడాది రెండో ముద్రణకి ఆయన 'గోథిక్ కథ' అని ఉపశీర్షిక తగిలించాడు. పాత కోట, దాచిన పాపం, తరిమే మగాడు, పారిపోయే అమ్మాయి అనే సరంజామా అప్పటి నుంచీ చేతులు మారుతూనే ఉంది. రెండు ఇళ్లలోనూ తలుపులున్నాయని చెబితే ఎవరు వింటారు? ఏ తలుపు ఎవరికి మూసుకుపోయిందో చెప్పాలి.

కింద రాసింది నేను మెల్లగా నేర్చుకున్న పద్ధతి. ఉదాహరణకి ఆ రెండు నవలల్నే వాడుతున్నాను. మీ చేతిలో వేరే జంట ఉన్నా పని ఇలాగే సాగుతుంది.

ముందు జంట కుదరాలి

జంటని మీరే ఎంచుకునే వీలుంటే, గట్టి పోలిక ఒకటి, గట్టి తేడా ఒకటి ఉన్నవి చూసుకోండి. మరీ ఒకేలా ఉంటే రాయడానికి ఏమీ మిగలదు. బొత్తిగా సంబంధం లేకపోతే బలవంతపు పెళ్లిలా ఉంటుంది. జేన్ అయిర్ (1847), రెబెకా (1938) చక్కటి జంట. రెండింటిలోనూ పెద్ద బంగళా, యజమాని గతంలో మొదటి భార్య గురించిన రహస్యం, చివరికొచ్చేసరికి మంటలు. కానీ మొదటిదాంట్లో కథ చెప్పే అమ్మాయి పేరే పుస్తకం పేరు. రెండోదాంట్లో కథ చెప్పే అమ్మాయికి చివరిదాకా పేరే తెలియదు, పుస్తకం పేరు చనిపోయిన మొదటి భార్యది. ఆ ఒక్క తేడా మీద వ్యాసం మొత్తం నిలబెట్టొచ్చు.

మన జంటకి వస్తే, మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ 1818లో, బ్రామ్ స్టోకర్ డ్రాక్యులా 1897లో వచ్చాయి. రెండూ ఉత్తరాలతో, ఎవరో ఒకరు కాగితం మీద పెట్టిన మాటలతో నడిచే కథలే. రెండూ తరుముకుంటూ వెళ్లడంతోనే ముగుస్తాయి. ఒకటి ఉత్తర ధ్రువం వైపు మంచు మీద, ఇంకొకటి కార్పేతియన్ కొండల దారిలో.

సినిమాని తలలోంచి తీసేయండి

ఇది చిన్న మెట్టే కానీ మార్కులు ఎక్కువ పోయేది ఇక్కడే. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది ప్రాణిని తయారు చేసిన విక్టర్ ఇంటిపేరు, తయారైనదానికి పేరు లేదు. నవలలో విక్టర్‌కి గూని సహాయకుడు ఎవరూ ఉండరు, పిడుగు పడి ప్రాణం రావడమూ లేదు. ఆ ప్రాణి అద్భుతంగా మాట్లాడుతుంది, మిల్టన్ కావ్యం చదువుతుంది. డ్రాక్యులా లండన్‌లో పట్టపగలు తిరుగుతాడు. ఎండ తగిలి రక్తపిశాచి నాశనం కావడం 1922 నాటి జర్మన్ మూకీ సినిమా నోస్ఫెరాటు చలవ. నవలలో కౌంట్ డ్రాక్యులా చచ్చేది రెండు కత్తులకి.

అలాగే మీ దగ్గరున్నది ఏ ముద్రణో చూసుకోండి. ఫ్రాంకెన్‌స్టైన్‌ని రచయిత్రే సవరించి 1831లో మళ్లీ వేసింది. విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ 1818 ప్రతిలో అతని మేనత్త కూతురు, 1831 ప్రతిలో తెచ్చి పెంచుకున్న అనాథ. కుటుంబం, రక్తసంబంధం గురించి మీరు రాస్తుంటే ఇది చిన్న విషయం కాదు.

రెండోసారి చదివేటప్పుడు ఒక్కటే గమనించండి: ఎవరు చెబుతున్నారు?

మొదటిసారి కథ కోసం చదవండి, పెన్ను ముట్టుకోవద్దు. రెండోసారి నోట్‌బుక్ పెట్టుకుని కూర్చోండి. ప్రతి అధ్యాయం దగ్గరా మూడు మాటలు రాయండి: ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, చెప్పేవాడికి ఏం దక్కుతుంది. చెడ్డవాళ్లెవరు, మంచివాళ్లెవరు అన్న గొడవ తర్వాత.

గోథిక్ నవలకి ఈ ప్రశ్న బాగా సరిపోతుంది. భయం కలిగించే విషయం చాలాసార్లు మన కళ్లముందు నేరుగా జరగదు. ఎవరో రాసిన డైరీలోనో, ఎవరో చూపించిన ఉత్తరంలోనో దొరుకుతుంది. మధ్యలో ఎన్ని చేతులు మారిందో లెక్కపెట్టడమే సగం విశ్లేషణ.

చేసి చూపిస్తాను. ఫ్రాంకెన్‌స్టైన్‌లో ఓడ మీదున్న వాల్టన్ తన అక్క మార్గరెట్‌కి ఉత్తరాలు రాస్తాడు. ఆ ఉత్తరాల్లో విక్టర్ తన కథ చెబుతాడు. విక్టర్ కథ నడిబొడ్డున ఆ ప్రాణి తన కథ చెప్పుకుంటుంది. ఇరవై నాలుగు అధ్యాయాల ప్రతిలో అది పదకొండు నుంచి పదహారు వరకు. డొక్కు గుడిసెలో దాక్కుని, గోడ సందులోంచి ఒక కుటుంబాన్ని చూస్తూ భాష నేర్చుకోవడం, వాళ్ల ప్రేమకి ఆశపడటం, తన్నులు తిని పారిపోవడం, అంతా దాని నోటితోనే వింటాం.

డ్రాక్యులాలో ఇరవై ఏడు అధ్యాయాలు. కౌంట్ కోటకి అతిథిగా వెళ్లిన జొనాథన్ షార్ట్‌హ్యాండ్ డైరీ, అతనికి కాబోయే భార్య మీనా డైరీ, ఆమె స్నేహితురాలు లూసీ ఉత్తరాలు, డాక్టర్ సీవార్డ్ ఫోనోగ్రాఫ్‌లో (గొంతు రికార్డు చేసే పాత యంత్రం) చెప్పుకున్న రోజువారీ మాటలు, పేపర్ కటింగులు, ఓడ లాగ్‌బుక్ కూడా. అందరికీ వాటా ఉంది, కౌంట్‌కి తప్ప. మొదటి నాలుగు అధ్యాయాల్లో కోటలో అతిథికి కబుర్లు చెబుతాడు, అదీ జొనాథన్ డైరీ ద్వారానే. ఆ తర్వాత అక్కడక్కడా నాలుగు బెదిరింపులు, అంతే.

ఇక్కడ మొదటి తేడా దొరికింది: ఒక నవల భయపెట్టేవాడికి నోరిచ్చింది, ఇంకో నవల ఇవ్వలేదు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆగకండి. మీకు దొరికిన తేడాని మీరే ఒకసారి ఇరుకున పెట్టండి. ఆ ప్రాణికి నిజంగా నోరిచ్చారా? చివరి భాగంలో వాల్టన్ ఒక మాట రాస్తాడు, గబగబా చదివితే జారిపోతుంది. తను రాసుకుంటున్న నోట్స్‌ని విక్టర్ అడిగి తీసుకుని, చాలా చోట్ల స్వయంగా దిద్దాడట. అందులోనూ ఎక్కువగా దిద్దింది తన శత్రువుతో జరిగిన సంభాషణలనే! అంటే మనల్ని కదిలించిన ఆ ప్రాణి మాటలు విక్టర్ చేతిమీదుగా వచ్చినవి. దాని గొంతు విక్టర్ ప్రమేయం లేకుండా వినిపించేది ఒక్కసారే. విక్టర్ శవం పక్కన నిలబడి వాల్టన్‌తో మాట్లాడేటప్పుడు.

ఇటు డ్రాక్యులాలో చూడండి. ఇరవై ఒకటో అధ్యాయంలో కౌంట్ వాళ్ల చేతిరాత ప్రతుల్నీ, సీవార్డ్ మైనపు సిలిండర్లనీ తగలబెట్టేస్తాడు. మీనా టైప్ చేసిన ఇంకో ప్రతి ఇనప్పెట్టెలో ఉంది కాబట్టి బతికింది. తన మీద రాస్తున్న కథ సంగతి అతనికీ తెలుసు. తన వైపు కథ రాసే అవకాశం లేక, వాళ్లది కాల్చబోయాడు.

నేను మొదట రాసిన పదిహేడు పోలికల్లో ఇది లేదు. ఒక్కటే ప్రశ్న పట్టుకుని రెండు పుస్తకాల వెంటా తిరిగితేనే కనిపించింది.

ఇతివృత్తం అంటే ఒక్క మాట కాదు

'ఒంటరితనం', 'ప్రతీకారం', 'చావు', 'విజ్ఞానం'. ఇవి ఇతివృత్తాలు కావు, అరల మీద అంటించే చీటీలు. చీటీని ప్రశ్నగా మార్చేదాకా పోలిక మొదలు కాదు. ఆ ప్రశ్నకి రెండు నవలలూ వేర్వేరు జవాబులు చెప్పాలి. రెండూ ఒకే జవాబు చెబితే ఆ ప్రశ్న పనికిరాదు, మార్చండి.

ఉదాహరణకి 'విజ్ఞానం' తీసుకోండి. కొత్త విద్య మనిషిని ముంచుతుందా, కాపాడుతుందా? ఇంగోల్‌స్టాట్‌లో విక్టర్ చదివిన చదువు దాదాపు ఇంటిల్లిపాదినీ మింగేసింది. డ్రాక్యులాని వేటాడేవాళ్లకి టైప్‌రైటర్, ఫోనోగ్రాఫ్, షార్ట్‌హ్యాండ్, రైల్వే టైమ్‌టేబుల్, రక్తమార్పిడి అన్నీ ఆయుధాలే. కానీ వాటితో పాటు వెల్లుల్లి, శిలువ కూడా పట్టుకెళతారు. డ్రాక్యులా రక్తం తాగిన లూసీకి నలుగురు మగవాళ్లు రక్తమిచ్చినా ఆమె దక్కలేదు. 'కానీ' అన్న మాట మీ నోట్స్‌లో వచ్చిన చోటల్లా పక్కన చుక్క పెట్టుకోండి. వ్యాసం అక్కడి నుంచే పుడుతుంది.

కాలం గురించి రాయాలా అంటే, ఒక వాక్యాన్ని వివరించడానికి పనికొస్తేనే రాయండి. 1816 వేసవిలో జెనీవా సరస్సు దగ్గర వానలకి బయటికి కదల్లేక, మిత్రులంతా తలో దెయ్యం కథ రాద్దామనుకోవడం, అందులోంచే ఫ్రాంకెన్‌స్టైన్ పుట్టడం అందరికీ ఇష్టమైన ముచ్చట. అదే కాలక్షేపంలోంచి ఆ మిత్రుల్లో ఒకడైన పాలిడోరి రాసిన రక్తపిశాచి కథ 1819లో అచ్చయింది. అంటే మన రెండు భూతాల వంశాలకీ పుట్టిల్లు ఒకటే. వినడానికి సరదాగా ఉంటుంది, నాకూ చెప్పకుండా ఉండబుద్ధి కాదు. కానీ దీంతో మీ వాదన ఒక్క అంగుళం కూడా ముందుకి జరగకపోతే తీసేయండి.

పాత్రల్ని పేరుని బట్టి కాదు, పనిని బట్టి జతకట్టండి

హీరోకి హీరో, విలన్‌కి విలన్ అని జతకడితే విక్టర్ సృష్టించిన ప్రాణి పక్కన డ్రాక్యులా వచ్చి కూర్చుంటాడు. అందరూ చేసేది ఇదే, అందుకే అందరి వ్యాసాలూ ఒకేలా ఉంటాయి. ఒక్క క్షణం పేర్లు పక్కన పెట్టి, కథలో ఎవరేం పని చేస్తున్నారో చూడండి.

మామూలు పుట్టుక లేకుండా కొత్త ప్రాణిని పుట్టించేది ఎవరు? ఒకచోట విక్టర్, ఇంకోచోట డ్రాక్యులా. అలా పుట్టింది ఎవరు? ఒకచోట ఆ పేరులేని ప్రాణి, ఇంకోచోట చచ్చాక రక్తపిశాచిగా లేచిన లూసీ. ఇప్పుడు జత మారిపోయింది చూడండి. వికారంగా పుట్టి ప్రేమ కోసం తపించే ప్రాణి ఒకవైపు, అందరూ ప్రేమించిన అందగత్తె ఇంకోవైపు. వీళ్లని పక్కపక్కన పెట్టడం మొదట ఎబ్బెట్టుగా అనిపిస్తుంది, కానీ రాయడానికి బోలెడుంటుంది.

ఇంకో జత: ఇంటికి దూరంగా వెళ్లి, ఒక ఆడమనిషిని తలుచుకుంటూ రాసే మగాడు. వాల్టన్ అక్కకి రాస్తాడు, జొనాథన్ తనకి కాబోయే భార్య మీనా కోసం రాస్తాడు. మార్గరెట్ నుంచి మనకి ఒక్క జవాబు కూడా కనిపించదు. ఆ ఉత్తరాలు ఆమెకి చేరాయో లేదో కూడా నవల చెప్పదు. మీనా మాత్రం చదవడమే కాదు, అందరి కాగితాలూ పోగుచేసి, తేదీల వరసలో పెట్టి, టైప్ చేస్తుంది. డెబ్భై తొమ్మిదేళ్లలో, ఉత్తరాలు చదివే ఆడమనిషి సంపాదకురాలైంది. అలాగని చప్పట్లు కొట్టేయకండి. ఆమెది మగవాడి మెదడని, వేటగాళ్ల బృందాన్ని నడిపించే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ మెచ్చుకున్న కాసేపటికే, ఇక ప్రమాదమంటూ ఆమెని చర్చల్లోంచి తప్పిస్తారు. సరిగ్గా ఆ తప్పించిన రోజుల్లోనే కౌంట్ ఆమె మీద పడతాడు.

ప్రతి పాత్రకీ జత దొరకాలన్న రూలేం లేదు. డ్రాక్యులాలో పిచ్చాసుపత్రిలో ఉండి ఈగల్ని తినే రెన్‌ఫీల్డ్‌కి నేను చాలా రోజులు జత వెతికాను, దొరకలేదు. దొరకనివ్వకపోవడమే మంచిదనిపించి వదిలేశాను.

ఒక్క సన్నివేశాల జత, బాగా దగ్గరగా

నవలంతా పోల్చడం ఎవరివల్లా కాదు. ఒక్క జత సన్నివేశాలు ఎంచుకుని వాటి మీద కనీసం సగం వ్యాసం పెట్టండి. నేనైతే ఈ రెంటినీ ఎంచుకుంటాను.

ఒకటి: ఆర్క్‌నీ దీవుల్లో విక్టర్ ఆ ప్రాణికి తోడుగా ఒక ఆడప్రాణిని తయారు చేస్తుంటాడు. పని సగం పైనే అయింది. ఇద్దరూ కలిస్తే పిల్లలు పుడతారు, భూమంతా భూతాల జాతి వ్యాపిస్తుంది అన్న ఆలోచన వస్తుంది. తలెత్తితే వెన్నెల్లో కిటికీ దగ్గర ఆ ప్రాణి చూస్తూ ఉంటుంది. దాని కళ్లముందే విక్టర్ ఆ శరీరాన్ని ముక్కలు చేస్తాడు. తర్వాత ఆ గదిలోకి వెళ్లినప్పుడు బతికున్న మనిషిని చీల్చినట్టు అతనికి అనిపిస్తుంది. ముక్కల్ని బుట్టలో వేసి, రాళ్లు పెట్టి, అర్ధరాత్రి దాటాక పడవలో వెళ్లి సముద్రంలో ముంచేస్తాడు.

రెండు: లూసీ సమాధి. నలుగురు మగవాళ్లు పట్టపగలు లోపలికి వెళతారు. ఇది ఆపకపోతే చెరువులో రాయి వేస్తే లేచే అలల్లా ఆ సంఖ్య పెరుగుతూనే పోతుందని వాన్ హెల్సింగ్ ముందే చెప్పి ఉంటాడు. ఆయన ప్రార్థన చదువుతుంటే, లూసీని పెళ్లాడాల్సిన ఆర్థరే ఆమె గుండెలో మేకు దిగ్గొడతాడు. ఆమె ముఖం మళ్లీ పాత లూసీ ముఖంలా ప్రశాంతంగా మారుతుంది. ఆర్థర్ ముద్దు పెట్టుకుని, నాలుగో మనిషి క్విన్సీతో కలిసి బయటికి వెళ్లాక, మిగిలిన వాన్ హెల్సింగ్, సీవార్డ్ తల కోసి నోట్లో వెల్లుల్లి కుక్కుతారు. బయటికొచ్చేసరికి ఎండ కాస్తోంది, పిట్టలు కూస్తున్నాయి.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. భయం ఒకటే: ఆడ శరీరం నుంచి ఇవి పెరిగిపోతాయి. పని కూడా ఒకటే. కానీ ఒకరు రాత్రి, ఒంటరిగా, దొంగచాటుగా. వాళ్లు పగలు, గుంపుగా, మంత్రం చదివి. ఒకచోట బుట్ట, రాళ్లు. ఇంకోచోట పిట్టల కూతలు. అసలు ప్రశ్న దగ్గరికి రండి: ఎవరు చెబుతున్నారు? చేసినవాడే చావబోయే ముందు చెప్పుకుంటున్నాడు కాబట్టి మొదటిది నేరం ఒప్పుకున్నట్టుంటుంది. రెండోది సీవార్డ్ డైరీ. లూసీని పెళ్లాడతానని అడిగి కాదనిపించుకున్నవాడు, ఆ గుంపులో ఒకడు. పిట్టల కూతలు విన్నది అతని చెవులే.

రాయడం మొదలుపెట్టాక

ముందు ఒక్క వాక్యం తేల్చుకోండి, మీ వాదన మొత్తం అందులో ఉండాలి. పైన చూసినదాన్ని బట్టి నాది ఇలా ఉంటుంది: "రెండు నవలల్లోనూ మగవాళ్లు ఆడ శరీరాన్ని నాశనం చేసేది అది పెరిగిపోతుందన్న భయంతోనే. విక్టర్ ఒంటరిగా చేసి తానే చెప్పుకోవడంతో అది హత్యలా మిగిలింది. వాన్ హెల్సింగ్ బృందం కలిసి చేసి వాళ్లలో ఒకడే రాయడంతో అది కర్మకాండలా మారింది." ఒక్క వాక్యమన్నాను, మూడయ్యాయి. పర్లేదు, మూడు దాటనివ్వకండి.

మొదటి నాలుగు పేజీలు ఒక నవల, తర్వాతి నాలుగు పేజీలు ఇంకో నవల అన్నట్టు రాయకండి. చదివేవాడు ఐదో పేజీకి మొదటి నవల మరిచిపోతాడు, పోల్చే పని వాడి నెత్తిన పడుతుంది. ప్రతి పేరాలోనూ రెండూ ఉండాలి. అయితే సమానంగా తూచి పెట్టక్కర్లేదు. ఒక పేరాలో విక్టర్‌వి ఎనిమిది వాక్యాలు, సీవార్డ్‌వి రెండే ఉన్నా తప్పులేదు, ఆ రెండూ గురి చూసి కొడితే చాలు.

'అదేవిధంగా', 'అలాగే' అన్న మాటలు ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టండి. ఎక్కువైతే మళ్లీ జాబితాలోకి జారుకున్నట్టే. 'అక్కడ అలా జరిగింది కానీ', 'అదే పని ఇక్కడ ఇంకొకరు చేస్తే' లాంటివి వస్తుంటే దారిలో ఉన్నారు. కథ చెప్పడం కూడా తగ్గించండి. చదివేవాళ్లకి కథ తెలుసు. నేను పైన సన్నివేశాలు చెప్పాల్సి వచ్చింది, మీరు అంత చెప్పక్కర్లేదు. కిటికీ, బుట్ట, పిట్టలు, ఈ మూడూ ముట్టుకుంటే చాలు.

రాయడం అయిపోయాక ఒక్కో వాక్యం దగ్గర ఆగి, నవలల పేర్లు తీసేసి వేరే గోథిక్ నవలల పేర్లు పెట్టి చూడండి. "రెండు నవలల్లోనూ భయానక వాతావరణం పాఠకుణ్ణి కట్టిపడేస్తుంది" లాంటివి ఏ నవలకైనా అతుకుతాయి. కొట్టేయండి. నా పాత వ్యాసానికి ఈ పరీక్ష పెట్టాను. పదిహేడులో మూడు మిగిలాయి.

చివరి పేరా ఎలా?

చెప్పిందే మళ్లీ చెప్పకుండా, ఇంకా ముట్టుకోని చోటు ఒకటి చివరికి దాచుకోండి. ఈ జంటకైతే రెండు నవలల ఆఖరి పేజీలే ఆ చోటు. తన చితి తానే పేర్చుకుంటానని చెప్పి ఆ ప్రాణి ఓడ కిటికీలోంచి దూకుతుంది, అలలు దాన్ని చీకట్లోకి తీసుకుపోతాయి. చచ్చిందో లేదో వాల్టన్ చూడలేదు, మనమూ చూడం. ఇటు డ్రాక్యులా అందరి కళ్లముందే దుమ్మైపోతాడు. కానీ ఏడేళ్ల తర్వాత జొనాథన్ ఆ కాగితాలన్నీ తిరగేసి, అసలు పత్రమంటూ దాదాపు ఏదీ మిగల్లేదని, ఉన్నదంతా టైప్ చేసిన కట్టేనని, దీన్ని రుజువుగా ఎవరు ఒప్పుకుంటారని రాస్తాడు.